తలుపు దగ్గరి వెలుగు

కోచ్‌కోర్ ఊళ్ళో జోరిస్‌ని జోరిస్ అని పిలిచేది పోస్టాఫీసు ఒక్కటే. మిగతా ఊరంతటికీ ఆయన జోరో. బెల్జియం మనిషి. ఆరడుగులు దాటిన పొడుగు, ఎర్రగడ్డం, ఎండాకాలం చలికాలం తేడా లేకుండా పొలుసులు లేచే ముక్కు. ఏదో స్వచ్ఛంద సంస్థ వాళ్ళు చేతిపంపుల ఫొటోలు తీసిపెట్టమని ఒక్క వేసవికి పిలిస్తే వచ్చాడు. చేతిపంపులు తుప్పుపట్టాయి, సంస్థ మూటాముల్లే సర్దుకుని పోయింది, జోరో మాత్రం మిగిలిపోయాడు. వెంట్రుకలు నెరిసే వయసొచ్చినా ఇక్కడే.

పరాయి దేశంలో ఫొటోగ్రాఫరు బతుకంటే మంచు చిరుతల వెంట పరుగులు తియ్యడం అనుకుంటారు జనం. జోరో బతుకులో సగం హోటలు మంచాలే. రాజధానిలో కొత్త హోటలు తెరిచినప్పుడల్లా వెళ్ళి, దుప్పటి ముడతలు తన చేత్తోనే సాపు చేసి, దిండుని నడుం దగ్గర ఒక్క గుద్దు గుద్ది, ఫొటో తియ్యాలి. మిగతా సగంలో గని కంపెనీ వాళ్ళ హెల్మెట్లు, బంగాళాదుంప విత్తనాలు, ఏడుపు మొహంతో ఉన్న పెళ్ళికొడుకులు, పాస్‌పోర్టు ఫొటోలు. ఏడాదికోసారి వీసా కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం అదనం. ఒకప్పుడు పెళ్ళాం కూడా ఉండేది. ఒక చలికాలం చూడ్డానికి వచ్చి, పెరటి చివర మరుగుదొడ్డి దాకా మంచులో ఒకసారి నడిచి, వచ్చిన దారినే తిరిగి విమానం ఎక్కేసింది. ఆ కథ జోరో చెప్పడు. ఆయనకి గది అద్దెకిచ్చిన జూరా అక్క చెబుతుంది, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

జూరా అక్క విధవరాలు. రొట్టెలు కాల్చి బజారులో అమ్ముతుంది. ఆవిడ నోరు ఆవిడ పొయ్యి కంటే వేడి. ఉదయం జోరో కెమెరా తుడుచుకుంటుంటే, పిల్లాడికి నీళ్ళు పోసినట్టు ఎన్ని సార్లు తుడుస్తావు నాయనా, ఆ శ్రద్ధలో పదోవంతు నీ బూట్ల మీద పెట్టకూడదా అంటుంది. జోరోకి ఆ తిట్లు లేకపోతే తెల్లారదు.

ఇక ముకాష్ బాబాయ్ సంగతి. ఆయన ఒకప్పుడు లారీ డ్రైవరు. కనుమల మీదుగా గొర్రెల్ని దాటించి దాటించి, రిటైరయ్యాక తనూ నాలుగు గొర్రెలూ గుర్రాలూ పెట్టుకున్నాడు. జోరో కొత్తగా వచ్చిన రోజుల్లో కనుమ మీద మంచులో జీపు కూరుకుపోతే, ఆయనే తాడు కట్టి లాగాడు. లాగినాక జీపు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దీన్ని నీకు అమ్మినవాడెవడో నాకొకసారి పరిచయం చెయ్యి, నా దగ్గర కూడా అమ్ముడుపోని డొక్కు ఇలాంటిదే ఒకటుంది అన్నాడట. ఆ రోజు నుంచి జోరో వాళ్ళ మనిషే. వేసవిలో సోన్‌కుల్ సరస్సు ఒడ్డున ముకాష్ బాబాయ్ ఉన్ని గుడారం వేస్తే, అందులో ఒక పరుపు జోరోది. గుర్రం ఎక్కడం ఆయన దగ్గర నేర్చుకున్నాడు, కిందపడటం తనంతట తనే నేర్చుకున్నాడు. మాట నేర్పింది ఆయన కూతురు సైకాల్. అప్పటికింకా బడికి పోయే పిల్ల. జోరో ఒక మాట తప్పు పలికితే, సరిగ్గా పలికేదాకా పులిసిన గుర్రప్పాల కుమిజ్ గిన్నె చేతికిచ్చేది కాదు.

ఆ సైకాల్‌కి పెళ్ళయింది. సరస్సుకి అవతలి ఒడ్డున గొర్రెల బేరం చేసే ఖాసిమాలి చిన్న కొడుకుని చేసుకుంది. బాగా ఉన్నవాళ్ళు, మర్యాద తెలిసినవాళ్ళు. ఇక్కడ పెళ్ళయిన పిల్ల తనంతట తాను పుట్టింటి గడప తొక్కదు. ముందు ఆడపిల్ల తల్లిదండ్రుల్ని మగపెళ్ళివారు తమ ఇంటికి పిలిచి మర్యాద చెయ్యాలి. ఆ తర్వాత, ఒక మంచి రోజు చూసి, వాళ్ళే కోడల్ని కానుకలతో తీసుకొచ్చి పుట్టింట్లో దింపాలి. ఆ విందు రోజు తప్ప, అప్పటిదాకా తల్లి తన పిల్లని ఫోనులో చూసుకోవాల్సిందే. ముకాష్ బాబాయ్ ఫోనుని ఎంత దగ్గర పెట్టుకుని చూసేవాడంటే అవతల సైకాల్‌కి ఆయన ముక్కు ఒక్కటే కనపడేది.

వేసవి చివర్లో ఖాసిమాలి నుంచి పిలుపు వచ్చింది. ముకాష్ బాబాయ్ భార్యతో పాటు జోరోని కూడా తీసుకెళ్ళాడు, మా మనిషి ఫొటోలు తీస్తాడు అని గర్వంగా చెప్పి మరీ.

ఆ రోజు సన్నగా జల్లు. గుడారం నెత్తిమీద పొగ పోయే కంత కప్పేశారు. లోపలికి వెలుతురొచ్చే దారి తలుపు ఒక్కటే. తలుపుకి సరిగ్గా ఎదురుగా, గోడవారన మడతపెట్టిన పట్టుపరుపుల దొంతరల ముందు ఉండే చోటుని తోర్ అంటారు. అందరికంటే పెద్ద మర్యాద ఎవరికి దక్కాలో వాళ్ళు అక్కడ కూర్చుంటారు. అక్కణ్ణుంచి తలుపు వైపు వచ్చేకొద్దీ మర్యాద పల్చబడుతూ వచ్చి, గుమ్మం దగ్గర నీళ్ళందించే కుర్రకారుతో, విప్పిన బూట్లతో అయిపోతుంది. ముకాష్ బాబాయ్‌ని తోర్‌లో కూర్చోబెట్టి, పెద్ద అతిథికే దక్కే ఉడికించిన గొర్రె తలకాయ పళ్ళెం ఆయన ముందు పెట్టారు. ఖాసిమాలి, ఇంటి యజమాని కనుక, కింద కూర్చుని వడ్డనలు చూస్తున్నాడు. ఆడవాళ్ళ వైపు సైకాల్ తల్లి పక్కన టీ పోస్తోంది. ఎవరికీ ఏ లోటూ లేదు.

లోటల్లా జోరోకే. తోర్‌లో చీకటి. బాబాయ్ మొహం మసిబొగ్గులా ఉంది. తలుపు దగ్గర మాత్రం వెలుగు పాలలా, మెత్తగా, తడిగా పరుచుకుని ఉంది. ఆ వెలుగు చూస్తే ఫొటోలు తీసేవాడికి నోరూరుతుంది. జోరో ఇంకేం ఆలోచించలేదు.

"బాబాయ్, రెండే నిమిషాలు. ఇటొచ్చి ఈ గుమ్మం దగ్గర కూర్చో" అన్నాడు.

వడ్డిస్తున్న కుర్రాళ్ళు బాబాయ్ వైపు చూశారు. ఖాసిమాలి నవ్వుతూనే, ఆయన్ని కదపటం ఎందుకు, మీరే అక్కడికి వెళ్ళి తీసుకోండి అన్నాడు. జోరో వినలేదు. అక్కడ వెలుతురు లేదండీ, ఒక్క రెండు నిమిషాలు అన్నాడు. ముకాష్ బాబాయ్ చేతులు మోకాళ్ళ మీద ఒక్క క్షణం ఆగాయి. తర్వాత మెల్లగా లేచి వచ్చి, బూట్ల పక్కన కూర్చున్నాడు. ఆయన లేచిన చోటు ఖాళీగా బోసిగా కనపడుతోందని, ఖాసిమాలి గారూ మీరు వెనకాల అక్కడ కూర్చోండి, బొమ్మ నిండుగా ఉంటుంది అని కూడా అన్నాడు జోరో. అతిథి మాట కాదనలేక ఆయనా కూర్చున్నాడు. తలకాయ పళ్ళెం మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది, ఇప్పుడు ఖాసిమాలి ముందు. బాబాయ్ కెమెరా వైపు చూసి నవ్వాడు. జోరో తీశాడు.

ఈ ఆచారం జోరోకి తెలియదా అంటే, బాగా తెలుసు. తెల్లతోలు యాత్రికులు వస్తే వాళ్ళకి తనే పాఠం చెబుతాడు, ఇదిగో ఇక్కడ కూర్చోకండి, అక్కడ కూర్చోండి అని. కానీ కెమెరా కంటికి ఆనించుకున్న క్షణం నుంచీ ఆ మనిషికి లోకంలో మనుషులుండరు. వెలుగూ నీడా మాత్రం ఉంటాయి.

ఫొటో మాత్రం అద్భుతంగా వచ్చింది. తడి వెలుగులో తెల్ల ఉన్ని టోపీ, దాని కింద ఆ నవ్వు, పక్కన వరసగా బురద బూట్లు, వెనక చీకట్లో ఒక పెద్దాయనా ఒక గొర్రె తలా. జోరో దానికి అతిథి అని పేరు పెట్టి రాజధానిలో ప్రదర్శనకి ఇచ్చాడు. అక్కడి విదేశీయులు చేతిలో గ్లాసులతో దాని ముందు నిలబడిపోయారు. ఆ నవ్వు, ఆ నవ్వు అన్నారు. ఎవరో ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. ఒక పాల కంపెనీ వాళ్ళు కొత్త సంవత్సరం క్యాలెండరుకి అడిగితే, జోరో ఎగిరి గంతేసి ఇచ్చాడు. జన్మలో మొదటిసారి హోటలు మంచం కాని తన ఫొటో ఇంటింటి గోడ మీదా వేలాడబోతోంది.

వేలాడింది. కోచ్‌కోర్ బజారులో, బస్సుల్లో, మందుల కొట్లో, మంగలి అద్దం పక్కన. జోరో బజారుకి వెళ్తే జనం మెచ్చుకుంటారనుకున్నాడు. జనం తల వంచుకుని ఉల్లిపాయలు ఏరుకున్నారు. కొన్నాళ్ళకి జూరా అక్క క్యాలెండరు తెచ్చి ఆయన టీ గిన్నె పక్కన పడేసింది.

"ముకాష్ ఏం పాపం చేశాడని వాళ్ళింట్లో బూట్ల దగ్గర కూలేశారు తమ్ముడూ?"

జోరో నవ్వబోయాడు. వెలుతురు గురించి చెప్పబోయాడు. సగంలో ఆయన చూపు గొర్రె తలకాయ మీద పడింది. అక్కణ్ణుంచి ఖాసిమాలి మీదికి, అక్కణ్ణుంచి బూట్ల మీదికి. ఫొటోని అన్నాళ్ళూ ఎన్నిసార్లు చూశాడో, ఎన్ని అంగుళాల్లో అచ్చు వేయించాడో. ఇప్పుడే మొదటిసారి అందులో మనుషులు కనపడ్డారు. చెవులు మండిపోయాయి. గిన్నెలో టీ తాగాలన్న సంగతి మర్చిపోయి, చేత్తో పట్టుకుని కూర్చున్నాడు.

అంతటితో అయిపోలేదు, జూరా అక్క మిగతాది కూడా వడ్డించింది. పిల్లనిచ్చినవాడిని పనివాడిలా గుమ్మం దగ్గర పడేసి, తలకాయ ఖాసిమాలి తనే తిన్నాడని ఈ ఒడ్డు వాళ్ళు అంటున్నారట. అవమానం జరిగితే అప్పుడే లేచి రావాలి గానీ, ఇంటికొచ్చి క్యాలెండరు అచ్చు వేయించి ఊరంతా పంచుతారా అని ఆ ఒడ్డు వాళ్ళు అంటున్నారట. ఒక విందులో ఎవడో చమత్కారి, పైకి రా మావా, లేక గుమ్మం దగ్గరే అలవాటైపోయిందా అన్నాడట. ముకాష్ బాబాయ్ అందరితో పాటు నవ్వి, ఆ తర్వాత ఇంక ఏ విందుకీ వెళ్ళడం మానేశాడట. సైకాల్‌ని పుట్టింటికి తీసుకురావాల్సిన రోజు వచ్చింది, దాటిపోయింది. ఖాసిమాలి కబురు చెయ్యలేదు. ముకాష్ అడగలేదు. అడిగితే తలొంచినట్టు అని ఇటూ, తెస్తే తప్పు ఒప్పుకున్నట్టు అని అటూ. మధ్యలో పిల్ల.

జోరో మొదట చేసిన పని, తెలివైనవాళ్ళు సిగ్గుపడినప్పుడు చేసే పిచ్చి పని. బజారుకి పోయి కనపడిన క్యాలెండరునల్లా కొనెయ్యడం మొదలుపెట్టాడు. చంకలో ఒక కట్ట, భుజాన ఒక కట్ట. మూడో కొట్టువాడు చేతులు నలుపుకుంటూ, జోరో అన్నా నీ బొమ్మ తెగ పోతోంది, రాజధాని నుంచి ఇంకో పెద్ద కట్ట తెప్పిస్తున్నా అన్నాడు. జోరో కట్టల్ని జూరా అక్క రొట్టెల పొయ్యిలో పెట్టాడు. ఆ వారం రొట్టెలు రంగుల వాసన వేశాయని ఊళ్ళో గొడవ. ఆవిడ ఆయన్ని తిట్టిన తిట్లు అచ్చులో రాయదగ్గవి కావు.

ఆ తర్వాత ముకాష్ బాబాయ్ ఇంటికి వెళ్ళాడు. వెళ్ళే ముందు జీపులో చాలాసేపు కూర్చున్నాడు. దిగి నాలుగడుగులేసి, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఏనాడూ తలుపు తట్టి ఎరగడు. ఆ రోజు తట్టాడు.

బాబాయ్ తిట్టుంటే బాగుండేది. తిట్టలేదు. రండి అన్నాడు. ఇన్నేళ్ళలో రా అనేవాడు, ఒరేయ్ అనేవాడు, ఎర్రమేకా అని కూడా అనేవాడు. రండి అనడం అదే మొదలు. ఆయన భార్య సైరకాన్ టీ పోసింది, జామ్ పెట్టింది, రొట్టె విరిచి పెట్టింది, ఒక్క మాట కలపలేదు. ఆ మర్యాదకి జోరో కుర్చీ కింద దూరిపోవాలన్నంత సిగ్గుతో చచ్చిపోయాడు. చివరికి ఏదో ఒకటి అనాలి కనుక, ఇంకో ఫొటో తీస్తాను బాబాయ్, నిన్ను తోర్‌లో కూర్చోబెట్టి, దాన్ని ఇంకా పెద్దగా అచ్చు వేయిస్తాను అన్నాడు.

ముకాష్ బాబాయ్ టీ ఊదుకుంటూ ఆలోచించాడు.

"మొదటి బొమ్మలో గుమ్మం దగ్గర ఉన్నాడు, రెండో దాంట్లో బతిమాలి పైకెక్కాడు అంటారు. రెండూ పక్కపక్కన పెట్టి మరీ చూస్తారు."

జోరో తల దించుకున్నాడు. మరి ఆ రోజు ఎందుకు లేచి వచ్చావు బాబాయ్, రానని ఒక్క మాట అంటే పోయేది కదా అన్నాడు. అంటూనే, తప్పు తనది కాదన్నట్టు మాట్లాడుతున్నానే అని నాలుక్కరుచుకున్నాడు.

"నిన్ను తీసుకొచ్చింది నేను. మా మనిషి అని చెప్పి తీసుకొచ్చాను. అంతమందిలో నువ్వు పిలిచాక రాను అంటే నీ మొహం ఏమయ్యేది?" అన్నాడు బాబాయ్.

జోరోకి అప్పుడు తెలిసింది ఆ నవ్వేమిటో. విదేశీయులు గ్లాసులు పట్టుకుని నిలబడిపోయిన ఆ నవ్వు, తన పేరు పక్కన అచ్చయిన ఆ నవ్వు. పెద్దమనిషి తన సిగ్గుని కప్పుకుంటూ, ఎదురుగా కెమెరా పట్టుకున్న మూర్ఖుడి పరువు కాపాడటానికి నవ్విన నవ్వు. దాన్ని కంటితో చూశాడు, వేలితో నొక్కాడు, చట్రం కట్టి గోడకి కొట్టాడు. అర్థం మాత్రం చేసుకోలేదు.

ఇంటికి వచ్చి జూరా అక్క ముందు కూలబడ్డాడు. నేను బెల్జియం వెళ్ళిపోతాను అక్కా అన్నాడు. వెళ్ళు, వెళ్ళేముందు తప్పు కట్టి వెళ్ళు అంది ఆవిడ. ఇక్కడ ఒకరి పరువు తీసినవాడు గుర్రమూ అంగీ ఇచ్చి తప్పు కట్టాలి. చాటుగా ఇచ్చి వచ్చేస్తే చెల్లదు. జనం చూస్తుండగా, తప్పు నాదని తన నోటితో చెప్పి ఇవ్వాలి. గుర్రం సంగతి జోరోకి పెద్ద బెంగ అనిపించలేదు. జనం ముందు నోరు విప్పడం అనగానే మాత్రం, అదొక్కటి తప్ప ఇంకేదైనా చెప్పు అక్కా అన్నాడు. ఆయన కెమెరా వెనక చేరిందే అందుకు. పాతికమంది తనవైపు చూస్తే ఆ మనిషికి తన పేరు కూడా గుర్తుండదు.

అయినా కట్టాడు. గనులూ గద్దలూ తియ్యడానికి దాచుకున్న బారు లెన్సు అమ్మేశాడు. జూరా అక్క తమ్ముడికి గుర్రాల సంగతి తెలుసు కనుక, అతను వెళ్ళి మంచి గుర్రాన్ని తెచ్చాడు. నిన్ను పంపితే గాడిదకి తోక దువ్వి అమ్ముతారు అని జూరా అక్క ముందే తేల్చేసింది. ఆవిడ పెద్దగదిలో చేరిన తన కెమెరా స్టాండులూ లెన్సులూ తీసేసి, అక్కడ దుప్పట్లు పరిచి, జోరో జీవితంలో మొదటిసారి ఇంటి యజమానిగా విందు పెట్టాడు. వియ్యంకులిద్దరినీ విడివిడిగా, అవతలివాళ్ళు వస్తున్నారని చెప్పకుండా పిలిచాడు. ఇది జూరా అక్క కుట్ర. తర్వాత నామీద పెట్టకు అని ముందే చేతులు కడుక్కుంది.

ముకాష్ బాబాయ్ దంపతులు ముందు వచ్చారు. ఖాసిమాలి, భార్యతో వచ్చి, గుమ్మంలో బాబాయ్ బూట్లు చూసి అక్కడే ఆగిపోయాడు. జూరా అక్క అప్పటికే ఆయన పైకోటు విప్పి పట్టుకుని వంటింట్లోకి పోయింది. కోటు లేకుండా చలిలో వెనక్కి ఎవడు పోతాడు. ఇరుగుపొరుగు కూడా నిండారు, ఏం జరుగుతుందో చూడ్డానికి ముక్కులు ముందుపెట్టుకుని.

జోరో ముకాష్ బాబాయ్‌ని తోర్‌లో కూర్చోబెట్టాడు. ఆయన పక్కన ఖాసిమాలిని. ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో జూరా అక్క ఆయన చేత ముందురోజు గిన్నెలతో సాధన చేయించింది. అయినా చెమటలు. తలకాయ పళ్ళెం బాబాయ్ ముందు పెట్టేటప్పుడు ఎంత ఊగిందంటే గొర్రె తల ఊపుతున్నట్టే ఉంది. పక్కింటి ముసలమ్మ తలగుడ్డ కొంగులో నవ్వుకుంది.

తర్వాత జోరో వచ్చి గుమ్మం దగ్గర, బూట్ల పక్కన నిలబడ్డాడు. జూరా అక్క బట్టీ పట్టించిన పెద్ద మాటలన్నీ ఎగిరిపోయాయి.

"బాబాయ్‌ని కదిపింది నేను. ఖాసిమాలి గారు వద్దన్నారు. నేను వినలేదు. ఆయన్ని తోర్‌లో కూర్చోబెట్టిందీ నేనే. తలకాయ తీయించడం మర్చిపోయాను. వాళ్ళిద్దరిలో ఎవరూ ఏ తప్పూ చెయ్యలేదు. వెలుతురు కోసం చేశాను."

వెలుతురు కోసమా అని ముసలమ్మ పక్కావిడని అడిగింది. వెలుతురు కోసమట అని పక్కావిడ ఇంకో పక్కావిడకి చెప్పింది. అలా ఆ మాట గది చుట్టూ తిరిగి మళ్ళీ జోరో దగ్గరికి వచ్చేసరికి, మరీ ఇంత చిన్నదా అనిపించింది. ఇంత చిన్న దానికోసం. ఆయన మొహం గడ్డం రంగులోకి తిరిగి, గడ్డం ఎక్కడ మొదలైందో తెలియకుండా పోయింది. అంగీ తెచ్చి ముకాష్ బాబాయ్ భుజాల మీద వేశాడు. గుర్రం వాకిట్లో ఉంది అన్నాడు.

ముందు మాట్లాడింది ఖాసిమాలి. ఆయన తన మోకాళ్ళ వైపు చూస్తూ అన్నాడు.

"కూర్చోమన్నది ఇతనే కావచ్చు బావగారూ. కూర్చున్నది నేను. మా ఆవిడ ఆ రోజే అంది, వెళ్ళి ఎందుకు కూర్చున్నావు అని. నేను ఫొటోలో బాగా పడాలని మీసం కూడా దువ్వుకున్నాను."

ఆ మాటకి ఎవరో కిసుక్కున నవ్వారు. ముకాష్ బాబాయ్ నవ్వలేదు. పళ్ళెంలో కత్తి తీసుకుని, తలకాయ నుంచి ఒక చెవి కోసి, తిన్నగా ఖాసిమాలి చేతిలో పెట్టాడు. ఆయన తిన్నాడు. పెద్దవాళ్ళిద్దరూ అంతకు మించి ఆ ఊసెత్తలేదు. పిల్ల ఎప్పుడొస్తోంది అని సైరకాన్ వియ్యపురాలిని అడిగింది. రోడ్డు మీద మంచు కరగ్గానే అని ఆవిడ చెప్పింది. అక్కడితో గది అంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టింది. జోరో వాకిట్లోకి పోయి, గుర్రం మెడ చాటున మొహం దాచుకున్నాడు. గుర్రం ఆయన టోపీ నమిలింది.

మంచు కరిగింది. సైకాల్ వచ్చింది, అత్తింటివాళ్ళు రెండు కార్ల నిండా కానుకలు వేసుకుని తీసుకొచ్చారు. కారు దిగి తల్లి మెడ పట్టుకుంటే ఎవరూ విడదీయలేకపోయారు. ముకాష్ బాబాయ్ ఆ తొక్కిసలాటలో కొత్త అంగీ వేసుకుని పక్కన నిలబడి, కార్లో ఇంకా ఏదో సామాను మిగిలిపోయినట్టు అటే చూస్తూ ముక్కు చీదుకున్నాడు.

జోరో కెమెరా తేలేదు. తెమ్మని ఎవరూ అనలేదు, తేవద్దనీ అనలేదు. విందులో ఇంటి కుర్రాళ్ళు చేసే పని తనే అడిగి తీసుకున్నాడు. చెంబూ గిన్నే తువ్వాలూ పట్టుకుని, తోర్ నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి చేతుల మీదా నీళ్ళు పొయ్యడం. ఆ ఎత్తు మనిషి అంతమంది ముందు మోకాళ్ళ మీద వంగి వంగి వస్తుంటే, కొందరికి నవ్వు, కొందరికి జాలి. బెల్జియంలో అందరూ ఇలాగే కడుగుతారా అని ఎవడో అడిగాడు. లేదు, అక్కడ కుళాయిలుంటాయి అని జూరా అక్క జవాబిచ్చింది. ముకాష్ బాబాయ్ చేతులు చాచాడు, కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి రా" అన్నాడు.

రండి అన్న పిలుపు పోయి రా తిరిగొచ్చింది. ఒరేయ్ ఇంకా రాలేదు. ఎర్రమేక సంగతి దేవుడికే తెలియాలి. జోరో వేణ్ణీళ్ళు కలపడానికి వెళ్ళొచ్చాడు.

ఆడవాళ్ళ వరసలో సైకాల్ దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తల వంచుకున్నాడు. ఆ పిల్ల చేతులు గిన్నె మీద పెట్టి, నీళ్ళు పోస్తున్నంతసేపూ వేళ్ళ వైపే చూస్తూ మెల్లగా అంది.

"జోరో అన్నా, నాన్న ఇబ్బందిపడితే అచ్చం ఆ క్యాలెండరులోలాగే నవ్వుతాడు. ఇంట్లో మాకు తప్ప ఎవరికీ తెలియదు. ఇంకే ఫొటోలోనూ నాన్న అలా లేడు. అక్కడ నాకు బెంగేసినప్పుడు అదే చూసుకునేదాన్ని. నా పెట్టెలో అడుగున ఉంది. నాన్నకి చెప్పకు."

జోరో నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. కానీ లోపల, ఎవరూ చూడకుండా, ఒక్క క్షణం ఛాతీ పొంగింది. మంచి ఫొటోనే, నేను తీసిన వాటిల్లో అదే మంచిది అని మనసు గెంతింది. పిల్ల ఇన్నాళ్ళు పుట్టింటికి దూరమైంది ఆ బొమ్మ వల్లే, ఆ పిల్లే మెచ్చుకుంటే తను గెంతుతున్నాడు. ఆ సంగతి తట్టగానే, జనం ముందు నిలబడ్డ రోజున కూడా వెయ్యనంత సిగ్గు వేసింది. చెవుల దాకా, మెడ దాకా, గిన్నె పట్టుకున్న వేళ్ళ దాకా.

ఇంకా పొయ్యండి నాయనా, నా చేతుల సబ్బు పోలేదు అంది పక్కనున్న సైకాల్ అత్తగారు. జోరో కంగారుగా చెంబు వంచాడు. నీళ్ళు సగం ఆవిడ చేతుల మీదా, సగం ఆవిడ కొత్త జాకెట్టు చేతి మీదా పడ్డాయి.